లాప్-ఇయర్డ్: అర్థం, పుట్టుక, వాడుక గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కుందేళ్ల జాతుల పేర్లలోను, పశుసంవర్ధక పాఠాలలోను, పోటీ పరీక్షల పదజాలంలోను ఎదురయ్యే ‘లాప్-ఇయర్డ్’ (lop-eared) అనే ఇంగ్లిష్ విశేషణం గురించి విజయవాడ, గుంటూరు ప్రాంతాల విద్యార్థులు, ఉపాధ్యాయులు, జంతువులను పెంచుకునేవారు అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ఈ మాటకు ‘చెవులు తెగిన’ అని అర్థం చెప్పడం మన తరగతి గదులలో తరచుగా వినిపిస్తోంది. అది తప్పు. ఆ తప్పు ఎలా వచ్చిందో, సరైన అర్థానికి ఆధారం ఏమిటో వివరంగా చెప్పడం అవసరమనిపించింది.

లాప్-ఇయర్డ్ అంటే ఏమిటి?

చెవులు పైకి నిలబడకుండా, మొదలు దగ్గరే వాలి తల పక్కలకు వేలాడే జంతువును లాప్-ఇయర్డ్ అంటారు. చెవి పొడవు ఎంత అన్నది ఈ మాటకు ముఖ్యం కాదు, చెవి వాలి ఉండడమే ముఖ్యం. అడవి కుందేలు చెవులు ఎంత పొడవుగా ఉన్నా నిటారుగా నిలుస్తాయి కాబట్టి దానికి ఈ విశేషణం వర్తించదు. హాలండ్ లాప్ అనే చిన్న పెంపుడు కుందేలు చెవులు అంత పొడవు లేకపోయినా చెంపల మీదికి జారి ఉంటాయి కాబట్టి దానికి వర్తిస్తుంది. కుందేళ్లు, మేకలు, గొర్రెలు, పందులు, కుక్కలు, ఇలా పెంపుడు జంతువులన్నింటి విషయంలోనూ ఈ మాటను వాడవచ్చు.

‘లాప్’ అంటే నరకడం కదా? అప్పుడు ‘తెగిన చెవులు గల’ అని అర్థం రావాలి కదా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఇంగ్లిష్‌లో ఒకే అక్షరక్రమం, ఒకే ఉచ్చారణ గల రెండు ‘లాప్’ క్రియలు ఉన్నాయి. ఒకదానికి చెట్ల కొమ్మలు నరకడం, అంచులు కత్తిరించడం అని అర్థం. రెండవదానికి పట్టు లేకుండా కిందికి వేలాడడం, వాలిపోవడం అని అర్థం. నిఘంటువులు వీటిని వేర్వేరు పదాలుగా, వేర్వేరు పదశీర్షికల కింద చూపిస్తాయి. లాప్-ఇయర్డ్ అన్నది రెండవ క్రియ నుంచి పుట్టింది. మొదటి క్రియ నేటి వాడుకలో బాగా కనిపించడం, రెండవది విడిగా దాదాపు కనుమరుగై సమాసాలలో మాత్రమే మిగిలి ఉండడం వల్ల, తెలిసిన అర్థాన్ని తెలియని చోట అతికించడం జరిగింది.

చెవి కత్తిరించిన జంతువుకు ఇంగ్లిష్‌లో వేరే మాట ఉంది: క్రాప్-ఇయర్డ్. మన పల్లెల్లో గొర్రెల కాపరులు తమ మంద గుర్తు తెలియడానికి గొర్రెపిల్ల చెవి అంచున చిన్న గాటు పెడతారు. పశుసంవర్ధక శాఖ వారు అదే చెవికి పన్నెండంకెల పసుపుపచ్చ ట్యాగు బిగిస్తారు. గాటు పడినా, ట్యాగు బిగించినా ఆ గొర్రె చెవి వాలే ఉంటుంది. గాటు మనిషి పెట్టినది, వాలు పుట్టుకతో వచ్చినది. లాప్-ఇయర్డ్ చెప్పేది ఈ వాలు గురించి మాత్రమే.

ఈ మాట ఎప్పుడు, ఎలా పుట్టింది?

వేలాడడం అనే అర్థంలో ‘లాప్’ క్రియ 16వ శతాబ్దపు ఇంగ్లిష్‌లో కనిపిస్తుంది. లాప్-ఇయర్డ్ అనే సమాసం 17వ శతాబ్దం చివరి భాగంలో, 1680ల నాటికి, అచ్చులోకి వచ్చింది. మూలక్రియ ఎక్కడి నుంచి వచ్చిందన్న విషయంలో నిఘంటుకర్తలు తీర్పు చెప్పినట్టు మాట్లాడరు. బరువుగా, వికృతంగా వేలాడే వస్తువును సూచించే ‘లాబ్’ అనే పాత మాటకు ఇది బంధువు కావచ్చని ఎక్కువమంది అభిప్రాయం. ఆ బరువును ధ్వనిలోనే వినిపించే మాటలుగా ఈ రెండింటినీ చూడడం నాకు సమంజసంగానే తోస్తుంది.

ఒక పక్కకు ఒరిగిన అనే అర్థం గల ‘లాప్‌సైడెడ్’ కూడా ఈ క్రియ సంతానమే. 18వ శతాబ్దం మొదట్లో, ఒక పక్క బరువెక్కి ఒరిగిన ఓడల గురించి దానిని వాడేవారు. లాప్‌సైడెడ్ తెలిసిన విద్యార్థికి లాప్-ఇయర్డ్ అర్థం చెప్పడం సులువు, రెండింటిలోనూ ఒరగడమే తప్ప తెగడం లేదు.

చెవి తమ్మెను ‘ఇయర్‌లోబ్’ అంటారు. ‘లోబ్’, ‘లాప్’ ఒకటేనా?

కావు. ‘లోబ్’ గ్రీకు భాషలోని ‘లోబోస్’ నుంచి లాటిన్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చిన శాస్త్రపదం. ఊపిరితిత్తుల భాగాలకు, మెదడు భాగాలకు కూడా వాడేది అదే. ‘లాప్’ మాత్రం ఇంగ్లండు పల్లెల మాట. రెండూ చెవి దగ్గర కలుసుకోవడం కేవలం యాదృచ్ఛికం.

చివర ఉన్న ‘ఎడ్’ భూతకాల ప్రత్యయమా?

కాదు. నామవాచకానికి చేరి ‘అది గల’ అనే అర్థమిచ్చే ప్రత్యయం ఇది. ‘బ్లూ-ఐడ్’ అంటే నీలికళ్లు గల, ‘లాంగ్-టెయిల్డ్’ అంటే పొడవాటి తోక గల అన్నట్టే లాప్-ఇయర్డ్ అంటే వాలిన చెవులు గల అని అర్థం. దీనిని క్రియ అనుకోవడం వల్లనే ‘చెవులు నరకబడిన’ అనే భావం మరింత బలపడుతోంది.

తెలుగు విద్యార్థికి ఇది కొత్త విషయం కాదు. మన వ్యాకరణంలో బహువ్రీహి సమాసం సరిగ్గా ఈ పనే చేస్తుంది. ‘లంబకర్ణం’ అన్నప్పుడు లంబమైన చెవుల గురించి కాక, ఆ చెవులు గల జంతువు గురించి మాట్లాడుతున్నాం. అన్యపదార్థ ప్రధానమైనది బహువ్రీహి అని పదో తరగతిలో నేర్చుకున్న సూత్రాన్ని ఇక్కడ గుర్తుచేస్తే, ఇంగ్లిష్ వ్యాకరణంలో ఒక పేజీ వివరణ తగ్గుతుంది.

ఎలా పలకాలి, ఎలా రాయాలి?

‘లాప్’ లోని అచ్చును ‘హాట్’, ‘షాప్’ మాటలలో పలికినట్టు పలకాలి. ‘ల్యాప్’ అంటే ఒడి, ‘లూప్’ అంటే ఉచ్చు అవుతాయి. నామవాచకానికి ముందు వచ్చినప్పుడు రెండు భాగాల మధ్య చిన్న గీత పెట్టడం ఆచారం.

తెలుగులో దీనికి సరైన మాట ఏది?

నా అభిప్రాయంలో ‘వాలుచెవుల’ అన్నది అన్నిటికన్నా మేలైన మాట. వాలుజడ, వాలుచూపు, వాలుకన్నులు అనే మాటలు మన నోట ఇప్పటికే ఉన్నాయి కాబట్టి ‘వాలుచెవుల కుందేలు’ అంటే ఎవరికీ వివరించనక్కరలేదు. ‘వేలాడే చెవుల’ అనడం కూడా తప్పు కాదు, మేకల విషయంలో అదే ఎక్కువ సహజంగా ఉంటుంది.

సంస్కృతసమమైన ‘లంబకర్ణం’ అర్థంలో అచ్చంగా సరిపోతుంది. మేకకు అది పర్యాయపదం. పంచతంత్రంలో సింహం నోట పడి, చివరకు చెవులు, గుండె నక్క పాలైన గాడిద పేరు కూడా లంబకర్ణుడే. అయితే ‘లంబ’ అన్నది నేటి పాఠశాల తెలుగులో లంబకోణం, లంబరేఖ వంటి చోట్లే వినిపిస్తుంది కాబట్టి పిల్లలు ‘నిటారు చెవులు’ అని అపార్థం చేసుకునే ప్రమాదం ఉంది. వ్రేలాడదీసిన గుండు తాడు చూపే దిశ నుంచే గణితంలోని లంబం వచ్చిందని చెబితే ఆ సందేహం తీరుతుంది. వినాయకుడి ‘శూర్పకర్ణుడు’ అనే పేరు చేటల వంటి వెడల్పాటి చెవులను చెబుతుంది. అక్కడ ప్రధానం ఆకారం, వాలు కాదు. అందువల్ల దానిని లాప్-ఇయర్డ్‌కు సమానార్థకంగా ఇవ్వడం సరికాదు.

మన ప్రాంతంలో ఏ జంతువులను లాప్-ఇయర్డ్ అనవచ్చు?

నెల్లూరు గొర్రెతో మొదలుపెట్టడం న్యాయం. పల్లా, జోడిపి, దోర అనే మూడు రకాలలోనూ చెవులు పొడవుగా వాలి ఉంటాయి. కోత అయిన పొలంలో రాత్రికి మంద కట్టినప్పుడు దగ్గరగా గమనిస్తే ఈ విషయం బాగా తెలుస్తుంది. కుక్క అరిచినా, లారీ హారన్ మోగినా గొర్రె తల మొత్తం అటు తిప్పుతుంది. చెవి మొదలు కొద్దిగా కదిలి ముందుకు వస్తుంది గాని, చెవి కొన పైకి లేవదు. మెడ కింద వేలాడే రెండు లోలకులు తల తిప్పినప్పుడల్లా ఊగుతాయి. జోడిపి రకంలో కళ్ల చుట్టూ, పెదవుల దగ్గర ఉండే నల్లమచ్చల పక్కన ఆ తెల్లని వాలుచెవి స్పష్టంగా కనిపిస్తుంది.

మేకలలో జమునాపారి పేరు ముందు చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా ప్రాంతానికి చెందిన ఈ జాతి చెవులు ఆకులా మడత పడి, ముఖం దాటి కిందికి వేలాడతాయి. పశువుల పుస్తకాలలో దీని వర్ణన చదివేవారు లాప్-ఇయర్డ్ మాటకు ఇంతకన్నా మంచి బొమ్మను చూడలేరు.

ఒంగోలు జాతి విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. గుంటూరు పక్కనే ఉన్న లాం ఫారంలోని పశు పరిశోధన స్థానం ఈ జాతిని కాపాడుతూ వస్తున్న సంగతి ఈ జిల్లాల రైతులకు తెలుసు. జాతి లక్షణాల వర్ణనలో ఒంగోలు చెవులు మధ్యరకం పొడవుతో, సుమారు 23 నుంచి 30 సెంటీమీటర్ల వరకు, కొద్దిగా వాలి ఉంటాయని రాస్తారు. ‘కొద్దిగా వాలిన’ అనే ఆ పరిమితిని వదిలేసి ఒంగోలు గిత్తను లాప్-ఇయర్డ్ అనడం అతిశయోక్తి అవుతుంది. గుజరాత్‌కు చెందిన గిర్ ఆవు చెవులు మడతపెట్టిన ఆకులా పూర్తిగా వేలాడతాయి కాబట్టి ఆ మాట దానికే తగినది. ఒంగోలు పశువుల నుంచి బ్రెజిల్‌లో అభివృద్ధి చెందిన నెలోర్ జాతికి చెవులు చిన్నవి. గిర్ రక్తం కలిసిన ఇండుబ్రెజిల్ జాతి మాత్రం చాలా పొడవైన వేలాడే చెవులకు ప్రసిద్ధి. ఏ జాతి నుంచి ఏ లక్షణం వచ్చిందో చెవే చెబుతోంది.

అడవి జంతువులలో వాలుచెవులు ఎందుకు కనిపించవు?

ఈ మాట వెనుక ఉన్న శాస్త్రమంతా ఈ ప్రశ్నలో ఉంది. 1859లో వెలువడిన ‘ఆన్ ది ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్’ (జాతుల పుట్టుక) అనే తన గ్రంథం మొదటి అధ్యాయంలోనే చార్లెస్ డార్విన్ ఈ సంగతి గమనించాడు. ఏ పెంపుడు జంతువును తీసుకున్నా ఏదో ఒక దేశంలో దానికి వాలుచెవులు ఉన్నాయని, అపాయాల భయం తగ్గి చెవి కండరాలను వాడకపోవడమే దీనికి కారణమన్న కొందరి అభిప్రాయం సంభవమేనని ఆయన రాశాడు. 1868లో ప్రచురించిన మరో గ్రంథంలో ఇదే విషయాన్ని విస్తరిస్తూ, భారతదేశపు మేకలను, పశువులను కూడా ఉదాహరణలుగా చూపాడు. అడవి జంతువులలో వాలుచెవులు ఏనుగుకు మాత్రమే ఉన్నాయన్న పరిశీలన కూడా అక్కడే ఉంది.

వాడకపోవడం వల్ల కండరం సన్నగిల్లి, ఆ లక్షణం పిల్లలకు సంక్రమిస్తుందన్న వివరణను నేటి జీవశాస్త్రం ఒప్పుకోదు. 1959లో సోవియట్ శాస్త్రవేత్త ద్మిత్రి బెల్యాయెవ్ నోవోసిబిర్స్క్‌లో వెండి నక్కలపై ఒక ప్రయోగం ప్రారంభించాడు. మనిషికి భయపడని నక్కలను మాత్రమే ఎంచి సంతతి కనేలా చేస్తూ పోగా, కొన్ని తరాలలోనే కొన్ని పిల్లలకు వాలుచెవులు, తెల్లమచ్చలు, వంకర తిరిగిన తోకలు వచ్చాయి. చెవులను ఎవరూ ఎంచలేదు, సాధుగుణాన్ని మాత్రమే ఎంచారు. 2014లో విల్కిన్స్, ర్యాంగమ్, ఫిచ్ అనే శాస్త్రవేత్తలు దీనికి ఒక ప్రతిపాదన చేశారు. పిండదశలో నాడీశిఖర కణాలు అనే ఒక కణసమూహం నుంచే భయానికి సంబంధించిన అడ్రినల్ గ్రంథి లోపలి భాగం, చర్మపు రంగు కణాలు, ముఖభాగపు మృదులాస్థి వంటివి ఏర్పడతాయి. సాధుగుణం కోసం ఎంపిక చేసినప్పుడు ఆ కణాలు కొద్దిగా తగ్గడం వల్ల చెవి మృదులాస్థి కూడా బలహీనపడుతుందని వారి వాదన.

ఈ వాదన ఇంకా స్థిరపడినది కాదు. బెల్యాయెవ్ తెచ్చిన నక్కలు అప్పటికే కెనడాలోని ఫారాలలో అనేక తరాలు పెరిగినవని, కాబట్టి ఆ లక్షణాలన్నీ కొత్తగా పుట్టాయని చెప్పడం సరికాదని 2019లో మరికొందరు పరిశోధకులు అభ్యంతరం తెలిపారు. విద్యార్థులు ప్రయోగాన్ని, దాని మీది అభ్యంతరాన్ని కలిపి చదవడం మంచిది.

కుందేళ్లలో ‘లాప్’ అనే పేరుగల జాతులు ఏవి?

అన్నిటిలో పాతది ఇంగ్లిష్ లాప్. 19వ శతాబ్దపు ఇంగ్లండులో పోటీల కోసం చెవుల పొడవును పెంచుతూ పోయిన ఫలితం అది. 2003లో అమెరికాలో జరిగిన ఒక ప్రదర్శనలో ఈ జాతి కుందేలు చెవులను ఒక కొన నుంచి మరో కొన దాకా కొలిస్తే 79 సెంటీమీటర్లు వచ్చాయి, అది ప్రపంచ రికార్డు. ఫ్రెంచ్ లాప్ మాంసం కోసం పెంచిన భారీ జాతి. ఇళ్లలో ఎక్కువగా పెంచే హాలండ్ లాప్‌ను నెదర్లాండ్స్‌లో ఆడ్రియాన్ డి కాక్ అనే పెంపకందారు 1949లో మొదలుపెట్టి తయారుచేయగా, 1964లో అక్కడ గుర్తింపు లభించింది.

ఆనాటి ఇంగ్లండు పెంపకందారులు వాలులో కూడా తేడాలు గుర్తించారు. ఒక చెవి మాత్రమే వాలితే ‘హాఫ్-లాప్’, రెండు చెవులూ పడవ తెడ్లలా పక్కలకు చాచి ఉంటే ‘ఓర్-లాప్’, కొమ్ముల్లా నుదుటి ముందుకు పడితే ‘హార్న్-లాప్’ అనేవారు. చక్కగా చెంపల పక్కన దిగితేనే ‘పర్ఫెక్ట్ లాప్’. హాఫ్-లాప్ కుందేళ్ల పుర్రెలను పరిశీలించిన డార్విన్, వాలిన చెవి వైపు ఎముకలు కూడా కొద్దిగా మారాయని చూపాడు. చెవి దొప్ప ఒక్కటే జారిపోవడం కాదని, దాని వెనుక తల నిర్మాణం కూడా ఉందని దీనివల్ల తెలుస్తుంది.

విజయవాడ ఎండల్లో వాలుచెవుల కుందేలును పెంచవచ్చా?

పెంచవచ్చు గాని, నిటారు చెవుల కుందేలు కన్నా ఎక్కువ శ్రద్ధ అవసరమవుతుంది. కుందేలు తన ఒంటి వేడిని చాలావరకు చెవుల ద్వారానే వదులుతుంది. మన వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు ఏ కుందేలుకైనా నీడ, గాలి, చల్లని నీరు తప్పనిసరి. వాలుచెవిలో చెవి నాళం మడత పడి ఇరుకవుతుంది కాబట్టి గులిమి బయటకు రాక ఇన్‌ఫెక్షన్ రావడం ఎక్కువ. బ్రిటన్‌లో ఒక సంరక్షణ కేంద్రంలోని కుందేళ్లను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం కూడా, వాలుచెవుల కుందేళ్లలో చెవి, దంత సమస్యలు ఎక్కువగా ఉన్నాయని తేల్చింది. తల ఒక పక్కకు వంచడం, కాలితో చెవిని గీరుకోవడం, చెవి దగ్గర దుర్వాసన రావడం కనిపిస్తే సొంతంగా దూది పుల్లలతో శుభ్రం చేయకుండా పశువైద్యుడికి చూపించాలి. ముద్దుగా ఉందని కొనేముందు ఈ సంగతి తెలుసుకోవడం కొనేవారి బాధ్యత అని నా దృఢమైన అభిప్రాయం.

చెవులను వర్ణించే ఇతర విశేషణాలు ఏవి?

లాప్-ఇయర్డ్‌కు సూటిగా వ్యతిరేకం ప్రిక్-ఇయర్డ్, అంటే నిక్కిన చెవులు గల. మనం ‘చెవులు రిక్కించి వినడం’ అన్నట్టే ఇంగ్లిష్‌లో కూడా అదే మూలం నుంచి ఒక నానుడి ఉంది. 1599 ప్రాంతంలో షేక్‌స్పియర్ రాసిన ‘ఐదవ హెన్రీ’ నాటకంలో ఒక పాత్ర మరొకరిని నిక్కుచెవుల ఐస్‌లాండ్ కుక్క అని తిడుతుంది. 17వ శతాబ్దపు ఇంగ్లండు అంతర్యుద్ధ కాలంలో, జుట్టు పొట్టిగా కత్తిరించుకోవడం వల్ల చెవులు బయటకు కనిపించే ప్యూరిటన్లను (చర్చి సంస్కరణ కోరిన క్రైస్తవులను) రాజపక్షం వారు ఇదే మాటతో ఎగతాళి చేశారు.

క్రాప్-ఇయర్డ్ చరిత్ర మరింత బాధాకరమైనది. రాజును, మతాధికారులను విమర్శించాడన్న నేరానికి విలియం ప్రిన్ అనే న్యాయవాది చెవులను 1634లో కోశారు, మిగిలిన మొదళ్లను 1637లో మళ్లీ కోశారు. ఈ కథ తెలిసినవారు తెగిన చెవులకు, వాలిన చెవులకు ఒకే అర్థం ఎన్నటికీ రాయరు.

కుక్కల ప్రదర్శనలలో వాలుచెవులకు ‘డ్రాప్-ఇయర్డ్’ అన్నది ఎక్కువ వాడుక. డాగ్-ఇయర్డ్ మాత్రం పుస్తకాల మాట. వాలిన కుక్క చెవిలా పేజీ మూల మడత పడిన పుస్తకాన్ని అలా అంటారు. విజయవాడ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణాలలో ఏ పుస్తకం తీసినా ఈ మాటకు ఉదాహరణ దొరుకుతుంది.

మనుషుల విషయంలో లాప్-ఇయర్డ్ వాడవచ్చా?

సాధారణ సంభాషణలో వాడకూడదు. మనిషిని జంతువుతో పోల్చే మాట అది, కాబట్టి వినేవారికి అవమానంగానే ఉంటుంది. మన ఊళ్లలో ‘దొప్ప చెవులు’ అని పిల్లలను వెక్కిరించడం ఎంత నొప్పిస్తుందో ఇదీ అంతే. అమరావతి శిల్పాలలో బుద్ధుడి చెవులను ఇలా వర్ణించడం కూడా పొరపాటు. అక్కడ చెవి నిటారుగానే ఉంటుంది, పొడవుగా సాగినది తమ్మె మాత్రమే. దానిని ‘పొడవైన తమ్మెలు గల’ అని చెప్పాలి.

వైద్యంలో మాత్రం ‘లాప్ ఇయర్’ ఒక పారిభాషిక పదం. పుట్టిన శిశువు చెవి దొప్ప పైఅంచు ముందుకు, కిందికి మడత పడి ఉంటే వైద్యులు ఆసుపత్రి కాగితాలలో అలా రాస్తారు. ఆ మాట చూసి తల్లిదండ్రులు చెవి తెగిందనో, వినికిడి పోయిందనో కంగారు పడనక్కరలేదు. తల్లి నుంచి వచ్చిన ఈస్ట్రోజెన్ ప్రభావం వల్ల మొదటి వారాలలో శిశువు చెవి మృదులాస్థి మెత్తగా ఉంటుంది. ఆ సమయంలోనే చెవికి చిన్న అచ్చు అమర్చి ఆకారాన్ని సరిచేసే పద్ధతి ఉంది. రోజులు గడిచేకొద్దీ మృదులాస్థి గట్టిపడి, ఈ పద్ధతి పనిచేసే అవకాశం తగ్గుతుంది, తర్వాత శస్త్రచికిత్స అవసరం కావచ్చు. అందువల్ల కాగితం మీద ఆ మాట కనిపించిన వారంలోనే పిల్లల వైద్యుడినో, చెవి ముక్కు గొంతు వైద్యుడినో కలిసి, వినికిడి పరీక్ష కూడా చేయించాలి.